ఆకాశం బావగారు కోసిన కాళ్ళబంధం

మనుషులకు మారుపేర్లు పెట్టడంలో మా తోడికోడలు బల్జాన్‌ను మించినవాళ్ళు మా గడ్డి మైదానాల్లో పుట్టలేదు. మా వైపు కోడళ్ళు మెట్టినింటివాళ్ళ పేర్లు నోటితో పలకరు. మొగుడి అన్నలు, తమ్ముళ్ళు, వాళ్ళ పెదనాన్న పిల్లలు, అందరికీ ఏదో ఒక పేరు కల్పించుకుని పిలవాల్సిందే. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ పని బద్ధకంగా చేశాను. పొడుగు బావ, పొట్టి మరిది అని సరిపెట్టుకున్నాను. నా తర్వాత చాలా ఏళ్ళకి వచ్చిన ఈ పిల్ల, గడప దాటిన వారానికే ఒక్కొక్కళ్ళకీ అతికినట్టు పేరు పెట్టేసింది. ట్రాక్టరు మీద కూర్చుని కూడా కునుకు తీయగల తన మొగుణ్ణి "మా దిండు" అంది. మా సర్కారు గొర్రెల ఫారానికి పార్టీ కార్యదర్శి అయిన మా పెదమామగారి కొడుకు పొద్దస్తమానం ఉపన్యాసాలిచ్చే మనిషి. ఆయన "రేడియో బావగారు" అయ్యాడు. ఆ పేరు సారిబులాక్ ఊరంతా పాకింది. చివరికి ఆయన పెళ్ళాం కూడా అదే అనేది. ఆవిడకీ అసలు పేరు పలికే వీల్లేదు మరి.

ఆకాశం నుంచి దిగినవాడికి కూడా పేరు పెట్టింది బల్జానే. ఆయన అసలు పేరు నాకు తెలుసు, చెప్పను. చెప్పొద్దన్నారని కాదు, అలా అనేవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు. బల్జాన్ ఆయన్ని బావగారి వరసలో కలుపుకుంది కాబట్టి నాకూ బావగారే. ఆకాశం బావగారు.

మా వైపు ఆకాశం ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. రాకెట్లలో పైకి పోయే మనుషులు ఎక్కేది ఎక్కడో దక్షిణాన, దిగేది మా నెత్తిన. ఉన్నట్టుండి నాలుగైదు హెలికాప్టర్లు వచ్చి గుట్టల వెనక వాలేవి. సైనికులు మా గుడారాల దగ్గరికి వచ్చి మేము పులియబెట్టే గుర్రప్పాలు, కుమిస్, ఉందా అని అడిగేవాళ్ళు. ఎందుకొచ్చారంటే మాత్రం నీళ్ళు నమిలేవాళ్ళు. మాకు తెలియక అడిగామా ఏం. గొర్రెలకి కూడా తెలుసు. పెద్దగా ఒక చప్పుడు, తర్వాత గాలి కూడా ఆగినట్టు నిశ్శబ్దం, ఆ పైన ఎక్కడో దూరాన చారల గొడుగు ఒకటి, తొందరేమీ లేనట్టు ఊగుతూ దిగడం. చూస్తూ చూస్తూ నిలబడితే మనమే పైకి పోతున్నామేమో అనిపించేది. నాకు ఈ వయసులో కూడా కలలో అదే వస్తుంది. ఎంతసేపూ అది నేలకు తగలదు.

అమెరికావాళ్ళు చంద్రుడి మీద నడిచారని తెలిసిన రోజు రేడియో బావగారు మమ్మల్నందరినీ ఉన్ని కత్తిరించే షెడ్డులో కూర్చోబెట్టారు.

"వాళ్ళు నడిచారు, నిజమే. కానీ మనం మనుషుల్ని పారేసుకోం. అక్కడికి యంత్రాలని పంపిస్తాం," అన్నారు.

మా అత్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది. "నడిచారా, లేదా?"

"నడిచారు పిన్నీ, కానీ అసలు విషయం ఏమిటంటే..."

"అయితే నడిచారు," అని మా అత్త తేల్చేసి అల్లిక పని చూసుకుంది.

షెడ్డంతా నవ్వు. బావగారి మొహం కందగడ్డ అయింది. అప్పుడాయన గొంతు పెంచి రెండు మాటలు చెప్పారు. వాళ్ళు దూరం పోతే పోనీ, మనవాళ్ళు పైన ఎక్కువ రోజులు ఉండి చూపిస్తారు. పైగా వాళ్ళు బాతుల్లా నీళ్ళలో పడతారు, మనవాళ్ళు దిగేది గట్టి నేల మీద. నేను ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశాను. నా పక్కన కూర్చున్న బల్జాన్ మాత్రం ఒళ్ళో పిల్లని ఊపడం ఆపేసింది.

ఆ పిల్ల సంగతి చెప్పాలి. పెళ్ళయ్యాక ఎన్నో ఏళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశాక పుట్టింది తోర్గిన్. తుంటి కీలు జారి పుట్టింది. కరగందా ఆసుపత్రిలో నడుము నుంచి పాదాల దాకా కట్టు వేశారు. ఒకటి విప్పి ఇంకొకటి, అది విప్పి మరొకటి. మిగతా పిల్లలు పాకి, లేచి, పడి, పరుగెత్తే వయసంతా ఆ పిల్ల ఆ సున్నపు చిప్పలో పడుకునే గడిపింది. చివరికి విప్పేశాక డాక్టరు ఎముకలు బ్రహ్మాండంగా కుదిరాయి అన్నాడు. ఇంక నడవాల్సింది పిల్లే, మేము చేసేది ఏమీ లేదు అన్నాడు. పిల్ల ఎక్కడ నడుస్తుంది? కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. కింద దింపితే చాలు, తల్లి మెడ పట్టుకుని కెవ్వుమనేది. నేలంటేనే భయం దానికి. మూడేళ్ళు దాటినా బల్జాన్ వీపు మీదే ఉండేది. బల్జాన్ దాన్ని మోస్తూనే గొర్రెల పాలు పితికేది, పిడకలు ఏరేది, బావి దగ్గరికి పోయేది. "ఇది నా వీపు మీదే పెళ్ళికూతురవుతుందేమో అక్కా," అని నాతో నవ్వుతూ అనేది.

మాలో నడక నేర్చే పిల్లల కాళ్ళకి నలుపూ తెలుపూ ఉన్ని కలిపి పేనిన దారం కట్టి, మంచి నడక ఉన్న మనిషి చేత కోయిస్తారు. అదే తుసావు, కాళ్ళబంధం. ఎవరి చేత కోయిస్తే వాళ్ళ నడకే పిల్లకి వస్తుంది. వాళ్ళ రాత కూడా కొంత అంటుకుంటుంది. అందుకని ఆ మనిషిని వెతకడంలో ఇళ్ళలో పెద్ద గొడవలే అవుతాయి. మా ఇంట్లోనూ అయింది.

"పిల్ల లేవకపోయినా సరే, బంధం కోయించేద్దాం," అంది మా అత్త. "ఆ కుస్తీల ముసలాయన చేత కోయిద్దాం. ఈ వయసులో కూడా గుర్రం ఎక్కడానికి రికాబు ముట్టుకోడు."

"వద్దత్తా," అంది బల్జాన్.

"వద్దా? మరెవరే? మొగుడి చేత కోయించుకుంటావా? పిల్ల నిద్రలో నడుస్తుంది."

"పైనించి దిగే ఆయన చేత."

మా అత్త టీ గిన్నె కింద పెట్టింది. "ఎవరూ?"

"ఆకాశం బావగారు. ఈ సారి దిగేవాడు ఎవరైతే వాళ్ళు. ఒక్క రోజులో భూమిని ఎన్నోసార్లు చుట్టి వస్తారటగా అత్తా. అంత నడక నడిచినవాడు ఇంకెవడున్నాడు? కుస్తీల తాత ఎంత తిరిగినా జిల్లా దాటలేదు."

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాలో ఒక్కరికీ అందులో తప్పు కనపడలేదు. భూమి చుట్టూ తిరిగాడంటే నడిచే తిరిగినట్టు లెక్క మాకు. మా తాతలు మందల వెనక అలాగే తిరిగారు. మా అత్త కూడా "వాడు మనకి దొరికితేగా," అని గొణిగి ఊరుకుంది.

ఆ తర్వాతి వేసవిలో మేత కోసం గుట్టల అవతల గుడారాలు వేసుకుని ఉన్నాం. ఒక మనిషి పైకి పోయి చాలా రోజులైందని రేడియోలో చెబుతున్నారు. ఇన్ని రోజులు ఎవరూ లేరు, అమెరికావాళ్ళు కూడా లేరు అని రేడియో బావగారు వచ్చిపోయినప్పుడల్లా చెప్పి మురిసిపోతున్నారు. బల్జాన్ దారం పేనేసింది. దాన్నీ ఒక చిన్న కత్తినీ గుడ్డలో చుట్టి రొమ్ములో దోపుకుని తిరుగుతోంది. సాయంకాలాలు పిల్లని వీపు మీద వేసుకుని గుట్ట ఎక్కి, నక్షత్రాల మధ్య జరిగే చుక్క కోసం చూసేది.

"అదిగో తల్లీ, బావగారు పోతున్నారు. మళ్ళీ వస్తారు చూడు," అనేది.

"ఆయనకి కాళ్ళు నొప్పెట్టవా అమ్మా?" అని అడిగేది పిల్ల.

"పెట్టవు. మంచి కాళ్ళు ఆయనవి."

నేను కూడా వాళ్ళతో కూర్చునేదాన్ని. చీకటి పడ్డాక గడ్డి చేదు వాసన, గుర్రాలు నములుతున్న చప్పుడు, మా తల మీద ఒక మనిషి చుట్టూ చుట్టూ తిరగడం. ఆయన ఒక్కడే మేలుకుని మా అందరినీ కాపలా కాస్తున్నట్టు ఉండేది. నిద్ర దానంతటదే వచ్చేసేది.

ఒక పొద్దున హెలికాప్టర్లు వచ్చాయి. ఎండ ఎక్కుతుండగా చప్పుడు వినిపించింది. గుర్రాలు తలెత్తాయి. తెలుపూ నారింజ చారల గొడుగు మా గుట్ట వెనక్కే దిగుతోంది. బల్జాన్ పాల తపేలా అలాగే వదిలేసి పిల్లని వీపున వేసుకుని పరుగెత్తింది. నేను బండి కట్టి, మా అత్తనీ కుమిస్ తిత్తినీ ఎక్కించుకుని వెనకపడ్డాను. అంత తొందరలోనూ మా అత్త తలకి కొత్త తెల్లగుడ్డ చుట్టుకోవడం మాత్రం మర్చిపోలేదు.

మేము చేరేసరికి సైనికులు చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో మాడిపోయిన గడ్డి, ఆయన దిగివచ్చిన మసిపట్టిన పెద్ద ఇనప గుండు. బల్జాన్‌ని ఒక కుర్ర సైనికుడు ఆపేశాడు. ఆమె వచ్చీరాని రష్యన్‌లో ఏదో చెబుతోంది, వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. మా అత్త బండి దిగి, గిన్నెలో కుమిస్ పోసుకుని నేరుగా వాడి మీదికి నడిచింది.

"మా నేల మీద దిగినవాడికి నేను పాలు ఇవ్వకూడదా? తప్పుకో నాయనా, గిన్నెకి నీ పొట్ట తగులుతోంది."

వాడికి ఒక్క ముక్కా అర్థమయి ఉండదు. అయినా తప్పుకున్నాడు. ఆవిడ వెనకే మేమూ దూరాం.

ఆకాశం బావగారు కాన్వాసు గుడ్డ మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముఖం పురిటి మంచం దిగిన ఆడదాని ముఖంలా పాలిపోయి, ఉబ్బి ఉంది. పక్కన ఒక డాక్టరమ్మ నాడి పట్టుకుని కూర్చుంది. మా అత్తని చూసి ఆయన నవ్వి లేవబోయారు. మోచేతుల మీద కొంచెం లేచి, అలాగే వెనక్కి పడిపోయారు. గిన్నె అందుకోబోతే చెయ్యి వణికింది. డాక్టరమ్మే పట్టుకుని తాగించింది.

"బరువుగా ఉంది," అన్నారాయన.

"గిన్నెనా?" అన్నాను నేను. పాల కేంద్రంలో రష్యన్ ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేశాను, నాకు ఆ భాష బాగానే వచ్చు. తిట్లయితే ఇంకా బాగా వచ్చు.

"గిన్నె, నా చెయ్యి, అన్నీ. రెప్పలు ఎత్తడం కూడా పనిలాగే ఉంది."

"ఏం రోగం ఇతనికి?" అని మా అత్త నన్ను అడిగింది. నేను డాక్టరమ్మని అడిగాను. రోగం కాదు అందావిడ. పైన బరువు ఉండదట. అన్ని రోజులూ గాలిలో తేలుతూనే ఉన్నాడట. కాళ్ళకి పని లేక అవి నడక మర్చిపోయాయట.

"అంటే పైన నడవలేదా?"

"ఒక్క అడుగు కూడా వెయ్యలేదు."

ఆ మాట మా భాషలో చెప్పాను. మా అత్త గిన్నె తీసుకుని వెనక్కి తిరిగింది.

"పద కోడలా. ఇంటికి పోదాం. పాపం బిడ్డ, తల్లి ఎక్కడుందో, చూస్తే గుండె ఆగుతుంది. కానీ పిల్ల కాళ్ళు ఇతని చేతిలో పెట్టలేం."

బల్జాన్ కదల్లేదు. ఆమె చెయ్యి రొమ్ము మీద ఉంది, గుడ్డలో చుట్టినవి ఉన్నచోట. ఆయన మా ముగ్గురినీ చూసి, ఆవిడకి ఏం కావాలి అని నన్ను అడిగారు. చెప్పక తప్పింది కాదు. దారం సంగతి, నడక సంగతి, భూమి చుట్టూ తిరిగినవాడి కోసం ఇన్నాళ్ళు కాచుకున్న సంగతి చెప్పాను. ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"పిల్లకి ఏమైంది?"

కట్టు గురించి చెప్పాను. ఆయన తల పక్కకి తిప్పి తోర్గిన్‌ని చాలాసేపు చూశారు. తల్లి వీపు వెనక నుంచి అది కూడా ఆయన్నే చూస్తోంది.

"మా ఇద్దరిదీ ఒకటే జబ్బు," అన్నారు. "అమ్మా, అబద్ధం చెప్పను. నేను మళ్ళీ ఎప్పుడు నడుస్తానో వీళ్ళకీ తెలియదు. నాకంటే ముందు ఇన్ని రోజులు ఉండి వచ్చినవాడు ఎవడూ లేడు అడగడానికి. మీరు నడిచేవాణ్ణి ఎవరినైనా చూసుకోండి."

నేను చెప్పడం పూర్తి కాకముందే బల్జాన్ ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నడవాలని ఉందా బావగారూ?" అంది మా భాషలోనే.

నేను రష్యన్‌లోకి మార్చాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకేం అక్కర్లేదు," అన్నారు.

"అయితే మీరే కోయండి."

"ఒసేయ్, నీకు మతి పోయిందా," అంది మా అత్త. "వాడు లేవకపోతే? ఇదీ లేవదు. తెలిసి తెలిసి పిల్ల గొంతు కోస్తావా?"

"అత్తా, బాగా నడిచేవాళ్ళకి పిల్ల భయం తెలుసా? కుస్తీల తాతకి తెలుసా? ఈయనకి తెలుసు." బల్జాన్ అంత గట్టిగా మా అత్తకి ఎదురు చెప్పగా నేను ఎప్పుడూ చూడలేదు. మాట్లాడుతూనే చేతులు పని చేసుకుపోతున్నాయి. గుడ్డ విప్పి కత్తి ఆయన చేతిలో పెట్టి, పిల్లని దించి, కాన్వాసు అంచున నిలబెట్టి, నడుము పట్టుకుంది. నన్ను దారం కట్టమంది. కట్టాను. దాని పాదాలు చల్లగా ఉన్నాయి. అది ఏడవడానికి నోరు తెరిచి, ఆయన చేతిలో కత్తి వణకడం చూసి, ఏడవడం మర్చిపోయింది.

కోయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మేము ఎవరం చెయ్యి వెయ్యలేదు, వెయ్యకూడదు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక్కొక్క పోగే తెగింది. చివరి పోగు తెగాక ఆయన నన్ను అడిగారు. "తర్వాత ఏం చెయ్యాలి?"

"కోసినవాళ్ళు పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించాలి," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"నన్ను లేపండి," అన్నారాయన సైనికులతో. డాక్టరమ్మ వద్దంది. ఆయన వినలేదు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపారు. తోర్గిన్ ఆయన వేలు పట్టుకుంది. బల్జాన్ చేతులు వదిలేసింది. ఆయన ఒక కాలు ముందుకు జరిపారు. మోకాలు మడతపడిపోయింది, సైనికుల చేతుల్లోంచి జారి మెల్లగా గడ్డి మీద కూలబడ్డారు.

పిల్ల పడలేదు. వేలు జారిపోయాక కూడా అలాగే నిలబడి ఉంది, ఎవరూ పట్టుకోకుండా, ఆయన వంక చూస్తూ. ఆ కాసేపు గడ్డి కదలడం ఆగింది, హెలికాప్టరు రెక్కల చప్పుడు కూడా నాకు వినపడలేదు. ఆ తర్వాత అది తన కాళ్ళ వంక చూసుకుంది. చూసుకోగానే గుర్తొచ్చింది కాబోలు, కెవ్వుమని కూర్చుండిపోయింది. బల్జాన్ ఎత్తుకుంది. ఆయన్ని కాన్వాసులో మోసుకుపోయారు.

హెలికాప్టరు లేచాక అధికారి ఒకడు, ఫారం నుంచి వచ్చి అంతా చూస్తూ నిలబడ్డ రేడియో బావగారితో చాలాసేపు మాట్లాడాడు. సాయంత్రం బావగారు మా గుడారానికి వచ్చి, టీ కూడా తాగకుండా చెప్పారు. "ఆయన పడలేదు. తనంతట తనే నడిచి వెళ్ళారు. అందరూ చూశారు. వాళ్ళు చంద్రుడి మీద నడిచారు, మనవాడు నేల మీద పడ్డాడంటే ఎంత అప్రతిష్ట. అర్థమైందా?"

"అర్థమైంది," అంది మా అత్త. "నడిచారా లేదా అని ఇంక నేను అడగను."

మర్నాటి నుంచి తోర్గిన్ మళ్ళీ వీపెక్కింది. ఎంత బతిమాలినా కాలు కింద పెట్టదు. బల్జాన్ గొర్రె తోక కొవ్వు కరిగించి దాని కాళ్ళకి మర్దనా చేసేది. పైకి ధైర్యంగానే ఉండేది. కానీ నాకు తెలుసు, ఆమె ప్రాణమంతా ఆ మనిషి మోకాళ్ళలో ఉంది. ఆయన లేస్తేనే పిల్ల లేస్తుంది. ఆయన మంచంలోనే ఉండిపోతే తన చేత్తో తనే కూతుర్ని కూర్చోబెట్టేసినట్టు. మా అత్త పిల్లని చూసి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు ముందు తిట్లు నయం.

రేడియోలో ఆయన ఆరోగ్యం చాలా బాగుంది అన్నారు. "కాళ్ళ గురించి ఏమైనా అన్నారా అక్కా?" అని బల్జాన్ అడిగేది. అనలేదు. పేపర్లో ఫొటో వచ్చింది. బల్ల వెనక కూర్చుని ఉన్నారు, బల్ల మీద పూలు. ఇంకో ఫొటో వచ్చింది, భుజాల దాకానే. బల్జాన్ పేపరు తిప్పి వెనక వైపు కూడా చూసింది, కాళ్ళు అటేమైనా పడ్డాయేమో అన్నట్టు. ఉండబట్టలేక ఒక రోజు ఫారం ఆఫీసుకే పోయింది. నేనూ వెంట వెళ్ళాను.

"బావగారూ, ఆకాశం బావగారు నడుస్తున్నారా?"

"ఎప్పుడూ నడుస్తూనే ఉన్నారు," అన్నారు రేడియో బావగారు తలుపు వంక చూస్తూ.

"పడ్డాక లేచారా అని అడుగుతున్నాను."

"పడనివాడు లేవడమేమిటమ్మా?"

"మీ కళ్ళముందే కదండీ..."

"నేను చూసింది నడవడమే. నువ్వు చూసిందీ అదే. పో తల్లీ, నా కొంప ముంచకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు ఎక్కువ దూరం పోయారు, ఎవరు ఎక్కువ రోజులున్నారు, ఈ పోటీలో వాళ్ళు ప్రపంచానికంతా చాటింపు వేసుకుంటారు. ఒక తల్లి అడిగిన చిన్న మాటకి మాత్రం జవాబు లేదు. బల్జాన్ మాత్రం కోప్పడలేదు. దారిలో తన కల చెప్పింది. రాత్రి కలలో ఆ చారల గొడుగు కనపడిందట. దాని కింద ఆయన ఊగుతున్నారట, ఎంతకీ పాదాలు నేలకి తగలడం లేదట. "నా కలలోకి వచ్చేదీ అదేనే," అన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

చలి మొదలయ్యాక సినిమా బండి వచ్చింది. క్లబ్బులో బెంచీలన్నీ నిండిపోయాయి. అసలు బొమ్మకి ముందు వార్తల రీలు వేస్తారు. ముందు గోధుమ కోతలు, తర్వాత ఏదో ఆనకట్ట. బల్జాన్ మొగుడు, అదే మా దిండు, అప్పుడే గురక మొదలెట్టాడు. అంతలో విమానం ఒకటి ఆగింది, తలుపు తెరుచుకుంది, మెట్ల మీద ఆకాశం బావగారు.

క్లబ్బంతా చప్పట్లు. ముందు వరసలో రేడియో బావగారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అందరూ జెండాలు చూస్తున్నారు, పతకాలు చూస్తున్నారు. బల్జాన్ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఆమె చూసేది కింద, బూట్ల దగ్గర. ఆయన మెట్లు దిగారు. పొడుగ్గా పరిచిన తివాచీ మీద నడవడం మొదలెట్టారు. కాళ్ళు కొంచెం ఎడంగా వేస్తున్నారు, నేలని నమ్మీ నమ్మనట్టు. అయినా ఎవరూ పట్టుకోలేదు. ఒకచోట కొంచెం తూలారు. ఆయన తమాయించుకుని ముందుకే వచ్చారు.

"లేచాడమ్మా," అంది తల్లి ఒళ్ళో కూర్చున్న తోర్గిన్ మామూలుగా.

బల్జాన్ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన ఇంకా తివాచీ మీద ఉండగానే రీలు పుటుక్కున తెగింది. తెర తెల్లబడి, అంతా చీకటయింది. మావాళ్ళు ఊరుకుంటారా, సినిమా ఆపరేటరుని తిట్టడం మొదలెట్టారు. "పోయి చెప్పులు కుట్టుకోరా" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. వాడు హడావుడిగా గోడ దీపం వేశాడు.

వెలుగు వచ్చేసరికి బల్జాన్ ఒళ్ళో పిల్ల లేదు.

బెంచీల మధ్య దారిలో ఉంది. ఒక బెంచీ అంచు వదిలి ఇంకో బెంచీ అంచు అందుకుంటూ, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, తెల్లటి తెర వైపు పోతోంది. ఆయన ఎక్కడికి పోయాడో చూడ్డానికి. ముందు దగ్గరివాళ్ళు నోళ్ళు మూశారు, తర్వాత వెనకవాళ్ళు. ఆ రోజు గడ్డి మీద ఉన్నవాళ్ళకి సంగతి తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు. చెప్పేవాళ్ళు లేరు. బల్జాన్ సగం లేచి మళ్ళీ కూర్చుంది. పరుగెత్తి పట్టుకోకుండా తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. చివరి బెంచీ అయిపోయింది. తెరకీ దానికీ మధ్య పట్టుకోవడానికి ఏమీ లేదు. పిల్ల ఆగింది. చెయ్యి వదిలేసింది.

రీలు అతికించడం అయింది కాబోలు, ఆపరేటరు కుర్చీ మీంచి అడిగాడు. "వెయ్యనా? మన వీరుడు ఇంకా సగం దారిలోనే ఉన్నాడు."

రేడియో బావగారు వెయ్యమనడానికి నోరు తెరిచారు. మా అత్త ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఉండరా నాయనా," అంది ఆపరేటరుతో. "పిల్ల నడుస్తోంది."

వాడు దీపం ఆర్పలేదు.